గోడ మీద అంకమ్మ పేరు

"తాగకండి బాబూ! ఆ నీళ్ళు నోట్లో పోసుకోకండి! పోసుకున్నా సరే, బాగున్నాయని మాత్రం అనకండి!"

"ఏవమ్మా, ఎవరు నువ్వు? పనిచేసుకునే చోటికొచ్చి ఈ అరుపులేంటి?"

"ఇవి అరుపులా? ఇంకా మొదలే పెట్టలేదు నేను."

"అబూబకర్ గారూ, ఈవిడ మీ తాలూకానా?"

"మాకు తెలీదండీ. మీ మనిషేమో అనుకున్నాం."

"నా మనుషులు నలుగురూ అదిగో, గొట్టాల దగ్గరున్నారు. ఈవిడెవరో మతి లేని మనిషి. అమ్మా, పక్కకి జరుగు. గ్లాసు జారిపోద్ది."

"జారనీ. పగలనీ. గ్లాసు పోతే పాతిక రూపాయలు. ఆ నీళ్ళు మెచ్చుకుంటే వేలకి వేలు!"

బందరులో, మంగినపూడి వెళ్ళే రోడ్డు పక్కన కొత్తగా లేచిన కాలనీ అది. సగం కట్టిన ఇంటి ముందు మూడు కాళ్ళ ఇనప స్టాండు, దాని కింద అప్పుడే దించిన బోరు. ఇంటాయన అబూబకర్ చేతిలో గాజు గ్లాసు, అందులో ఆ బోరు నీళ్ళు. గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆపింది యాభై దాటిన ఒక ఆడమనిషి. నలిగిన చీర, భుజాన సంచీ, రెండు చేతుల్లో రెండు నీళ్ళ సీసాలు.

బోర్ల పిచ్చేశ్వరరావు ఆమెను పైనుంచి కిందకి చూశాడు. నిజంగానే గుర్తుపట్టలేదు. నెల రోజుల క్రితం ఆమె చేత్తో డబ్బులు తీసుకున్నవాడు, ఆమె పెట్టిన భోజనం మూడు రోజులు తిన్నవాడు, గుర్తుపట్టలేదు. అక్కడ మండింది ఆమెకి.

"పట్టవులే. డబ్బులు లెక్కపెట్టుకున్నాక మొహాలెందుకు గుర్తుంటాయి? ఈ వీధి మొదట్లో గోడ మీద ఏం రాయించావో ఓసారి చదువు. 'కోడూరు అంకమ్మ టీ హోటల్ వారు రుచి చూసి మెచ్చిన తీపి నీళ్ళ బోర్లు.' రాయించావా లేదా? ఆ అంకమ్మని నేనే!"

వీధిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గోడ వైపు చూశారు. తర్వాత ఆమె వైపు చూశారు. అబూబకర్ గ్లాసు కింద పెట్టేశాడు.

అంకమ్మ టీ హోటలంటే నిజానికి హోటలేం కాదు. కోడూరులో బస్సులాగే చోట ఒక రేకుల షెడ్డు, ఒక పక్కన ఇటుక గోడ, రెండు బల్లలు, గ్యాసు పొయ్యి. భర్త కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. నెలకి రెండు సార్లు ఇంటికొస్తాడు, వచ్చినప్పుడు నిద్రపోతాడు. కాబట్టి షాపు, ఇల్లు, అప్పు, తీర్పు అన్నీ అంకమ్మవే. పద్ధెనిమిదేళ్ళుగా తెల్లవారుజామున నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తోంది. ఎదురుగా ఇంకో మూడు టీ బడ్డీలు ఉన్నా జనం ఆమె దగ్గరే నిలబడతారు. పాలు ఎక్కువ పోస్తుందనీ కాదు, ఏదో మసాలా కలుపుతుందనీ కాదు. ఆమె రహస్యమల్లా నీళ్ళు.

కోడూరులో నిలబడితే సముద్రం కనపడదు. అది నేల కింద ఉంటుంది. ఒకరి పెరట్లో ఇరవై అడుగులకి తియ్యటి నీళ్ళు, గోడ అవతల అదే ఇరవై అడుగులకి నోట్లో పెట్టుకోలేని ఉప్పు. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత ఏ బావి బతికిందో ఏ బావి చచ్చిందో తెలుసుకోడానికి ఆమె తల్లి బిందె చంకన పెట్టుకుని ఊరంతా తిరిగి రుచి చూసేదట. రెండో చంకలో మూడేళ్ళ అంకమ్మ. తల్లి పుక్కిలించి ఊస్తే పిల్లా ఊసేది. అలా పెరిగిన నాలుక. కళ్ళు మూసి ఇచ్చినా చెరువు నీళ్ళేవో కాలవ నీళ్ళేవో చెప్పేస్తుంది. ప్లాంటు నీళ్ళు టిన్నులో పోసిస్తే ఏ ప్లాంటువో కూడా చెప్పేస్తుంది. పందేలు కాసి ఓడిపోయిన కుర్రాళ్ళు ఊర్లో ఇంకా ఉన్నారు. ఆమెకి ఆ నాలుకంటే గర్వం. చదువులేదు, పొలం లేదు, ఉన్నది అదొక్కటే. ఆమెను ముంచినవాడు సరిగ్గా దాన్నే పట్టుకుని ముంచాడు.

రోజుకి ఎనిమిది టిన్నులు కొంటుంది. టిన్ను ఇరవై. ఎండాకాలం ముప్పై, అది కూడా ప్లాంటు వాడికి బుద్ధి పుట్టినప్పుడొస్తుంది. టీకొట్టులో నీళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గిరాకీ ఎదురు బడ్డీకి నడుస్తుంది. అందుకని పొదుపు సంఘంలో నలభై వేలు అప్పు తీసుకుని షాపు వెనక బోరు వేయిద్దామనుకుంది. సంఘంలో అప్పంటే బ్యాంకులో అప్పులాంటిది కాదు. వాయిదా తప్పితే పదిమంది ఆడవాళ్ళూ ఇంటిముందుకొచ్చి కూర్చుంటారు, వాళ్ళందరూ రోజూ మొహం చూడాల్సిన వాళ్ళే.

గుడివాడ నుంచి పిచ్చేశ్వరరావు వచ్చాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, నోరు తెరిస్తే 'అమ్మగారూ'.

"ఉప్పు పడితే పైసా వద్దమ్మగారూ. నా గొట్టాలు నేను పీక్కుని, నా కూలి నేను నష్టపోయి వెళ్ళిపోతా. తీపి పడితేనే డబ్బులు. రుచి చూసేది కూడా నేను కాదు. మీరే."

ఇందులో అతను కనిపెట్టిందేమీ లేదు, ఆ వైపు పద్ధతే అది. బోరు దించాక ఇంటివాళ్ళు దోసిలి పట్టి మూడు గుక్కలు తాగాలి. నలుగురి ముందు 'తీపి' అనాలి. అంటే డబ్బులు చేతిలో పెట్టాలి. 'ఉప్పు' అంటే మేస్త్రి మూటాముల్లే సర్దుకోవాలి. కాగితం ఉండదు, సంతకం ఉండదు. నాలుకే రసీదు. నిజాయితీ ఉన్న మేస్త్రులు ఎందరో ఇదే పద్ధతి మీద నష్టపోయి కిక్కురుమనకుండా వెళ్ళిపోయారు. అలాంటి పద్ధతిని దొంగతనానికి పనిముట్టు చేసుకోవాలంటే ఎంత సిగ్గు చచ్చుండాలో ఆలోచించండి.

మూడు రోజులు తవ్వారు. నూట పది అడుగులు. తవ్వేటప్పుడు కన్నం గోడలు కూలకుండా పైనుంచి నీళ్ళు పోస్తూనే ఉండాలి. దానికి పిచ్చేశ్వరరావు ట్యాంకర్లతో కాలవ నీళ్ళు తెప్పించాడు. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఇంజను పెట్టి అరగంట తోడాడు. బురద పోయి నీళ్ళు తేటపడ్డాయి.

"ఇప్పుడు పట్టండమ్మగారూ. కోడూరంతా చెబుతున్నారు, అంకమ్మ గారి నాలుకకి మించిన మిషను లేదంట కదా!"

చుట్టూ పదిమంది మూగారు. అంకమ్మ కొంగు దోపుకుని దోసిలి పట్టింది. ఒక గుక్క. రెండు. మూడు. కళ్ళు మూసుకుంది. తెరిచింది. మొహం వెలిగిపోయింది.

"అచ్చం కాలవ నీళ్ళలా ఉన్నాయండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా పిచ్చేశ్వరరావు కొట్టాడు.

నలభై మూడు వేలు. అప్పు నలభై, గల్లాపెట్టెలో మూడు. లెక్కపెడుతుంటే అతనన్నాడు, "అమ్మగారూ, వెయ్యి తగ్గించుకోండి. మీరు మెచ్చుకున్నారని నాలుగు గోడల మీద రాయించుకుంటా. మీ పేరంటే ఒక గుర్తింపు." అంకమ్మకి ఆ మాట టీలో అల్లంలా ఘాటుగా, హాయిగా దిగింది. మొదటి గోడ ఆమెదే. నీలం రంగు, తెల్ల అక్షరాలు, కింద అతని సెల్ నంబరు. బస్సు దిగినవాళ్ళు అది చదువుకుని ఆమె వంక చూస్తుంటే టీ గ్లాసు కాస్త పైకెత్తి మరీ తిరగబోసింది ఆ సాయంత్రం.

తెల్లారి పొయ్యి మీద పాలు విరిగిపోయాయి.

పాలు పోసే రత్తయ్య ఇంకా సైకిలెక్కలేదు. "ఏం బాబాయ్, నిన్నటి పాలు తెచ్చి పోశావా? ముసలితనంలో ఇదేం బుద్ధి?" అని రోడ్డు మీదే కడిగేసింది. ఆయన ముప్పై ఏళ్ళుగా గేదెల్ని మేపుతున్నాడు గానీ అలాంటి మాట పడలేదు. "అమ్మాయ్, నోరు జాగ్రత్త. కావలిస్తే ఇంకో రెండు లీటర్లు ఊరికే పోస్తా, నా కళ్ళ ముందు కాయి" అన్నాడు. కాసింది. నీళ్ళు, పాలు, టీపొడి. పొంగు రాకముందే గిన్నెలో ముద్దలు తేలాయి. రత్తయ్య ఖాళీ క్యాను తగిలించుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు అంకమ్మ బోరు దగ్గరికెళ్ళి దోసిలి పట్టింది.

ఉప్పు. కాస్తో కూస్తో కాదు. ఉప్పెన నాటి ఉప్పు.

పిచ్చేశ్వరరావు మొదటి ఫోనుకి, "కొత్త బోరు కదమ్మగారూ, రెండ్రోజులు తోడండి, దారికొస్తుంది" అన్నాడు. నాలుగు రోజులు తోడింది. బకెట్టు అంచుకి తెల్లగా పొర కట్టింది. రెండో ఫోనుకి, "మీరు రుచి చూసే కదా ఇచ్చారు" అన్నాడు. 'అమ్మగారూ' ఎగిరిపోయింది. మూడో ఫోనుకి, "పదిమందిలో తీపి అని, ఇప్పుడు ఉప్పంటే ఎలాగమ్మా? నాలుకకి మాట ఉండాలి" అన్నాడు. నాలుగో ఫోను వెళ్ళలేదు. ఆమె నంబరు నుంచి ఫోన్లు రాకుండా ఆపేశాడు.

పెద్దమనుషుల దగ్గర పెట్టింది. నలుగురు కూర్చున్నారు, ఆమె దగ్గరే టీ తెప్పించుకుని తాగారు, డబ్బులివ్వలేదు. అందరిలోకీ పెద్దాయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ తేల్చేశాడు. "ఇందులో మాట్లాడ్డానికేముందమ్మా? నువ్వు మెచ్చావని నీ గోడ మీదే రాసుంది. పైగా దానికి వెయ్యి పుచ్చుకున్నావంట. పుచ్చుకుని ఇప్పుడు కాదంటే నలుగురూ ఏమనుకుంటారు?"

మోసపోయిన మనిషినే దోషిని చేసి లేచిపోవడమంత తేలిక పని మరోటి లేదు. దానికి తెల్లపంచెలు కట్టుకుని కూర్చోవడం ఎందుకో!

ఇక టీ తాగేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. "అత్తా, టీలో పంచదార తక్కువైనా పర్లేదు గానీ ఉప్పు మాత్రం వెయ్యకే!" "నాలుక మిషనుకి రిపేరొచ్చిందంట కదా, గ్యారంటీ ఉందా?" అంకమ్మ నవ్వినట్టు చేసి గ్లాసులు కడిగింది. డబ్బు పోయింది సరే, పదో తారీఖున వాయిదా ఎలాగో కడుతుంది. ఒంటిపూట తిని కడుతుంది. కానీ ఆ నాలుక? పందెం కాసి గెలిచిన నాలుక తప్పెలా చెప్పింది? అదొక్కటీ ఆమెకి అన్నం సహించనివ్వలేదు.

చెరువుల మీంచి భర్త ఫోన్ చేసినప్పుడు చెప్పుకుని ఏడ్చింది. ఆయన అంతా విని, ఆవులించి, "రుచి చూసినప్పుడు ఏమన్నావే నువ్వు?" అన్నాడు.

"అచ్చం కాలవ నీళ్ళలా ఉన్నాయన్నా."

"మరి కాలవ నీళ్ళే కదే అవి! కన్నంలో పోసిన ట్యాంకరు నీళ్ళు ఎక్కడికి పోతాయి? పైకి ముందు అవే వస్తాయి. ఇక్కడ చెరువులకి బోర్లేసేటప్పుడు మేం ఒకపూట తోడి పారబోశాక గానీ నోట్లో పెట్టుకోం."

అంకమ్మ ఫోను పెట్టేసింది. అంటే నాలుక తప్పు చెప్పలేదు. నిజమే చెప్పింది, పదిమందిలో, గట్టిగా చెప్పింది. వినిపించుకోవాల్సింది తను. ఆ చప్పట్లలో వినపడలేదు. కానీ ఒకడికి వినపడింది. వాడికి గుండె ఆగినంత పనై ఉంటుంది. అందుకే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆమె ఏడుపు అక్కడితో సరి.

మర్నాడు పొద్దున రత్తయ్య క్యాను దించకముందే ఎదురెళ్ళింది. "బాబాయ్, నీ పాలల్లో తప్పు లేదు. తప్పంతా నా నోటిది. నాలుగు తిట్టు."

"తిట్టడానికేముందిలే అమ్మాయ్. రెండు లీటర్ల డబ్బులివ్వు."

ఇచ్చింది. ఇచ్చి, "నీ ఫోను కూడా ఓసారివ్వు" అంది. ఆమె నంబరుకి పిచ్చేశ్వరరావు పలకడు. గోడ మీది నంబరు చూసి రత్తయ్య చేతే కలిపించింది. రత్తయ్య అబద్ధమాడాల్సిన పని కూడా పడలేదు. "బోర్లేస్తారంటగా, ఇప్పుడెక్కడ వేస్తున్నారు, వచ్చి పని చూసుకోవచ్చా?" అన్నాడంతే. అవతల తేనె కారిపోయింది. "రండి బాబాయ్ గారూ! బందరులో వేస్తున్నాం, మంగినపూడి రోడ్డులో. రేపు పదకొండింటికి నీళ్ళు చూపిస్తాం. మీరే రుచి చూద్దురు గాని!"

ఆ మర్నాడు షాపు రత్తయ్యకి అప్పజెప్పింది. తన బోరు నీళ్ళు రెండు సీసాల్లో పట్టింది. గల్లాపెట్టె పక్కన, ఫోన్లో డబ్బులు పంపేవాళ్ళ కోసం గీతల బొమ్మ అట్ట ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని తీసి సంచీలో వేసుకుంది. దాని తాలూకు మాట్లాడే పెట్టె మాత్రం షాపులోనే ఉంచింది.

"అట్ట నువ్వు తీసుకుపోతే ఇక్కడ టీ తాగినోళ్ళు డబ్బులు దేనికి కొట్టాలమ్మాయ్?"

"ఈ ఒక్కరోజుకి చిల్లరివ్వమను బాబాయ్. పెట్టె మాట్లాడితే నాకు ఫోన్ చెయ్యి."

అవనిగడ్డలో బస్సు మారింది. కిటికీ పక్కన సీటు దొరికింది, దొరక్కపోతేనే బాగుండేది. మోపిదేవి దాటకముందే ఒక గోడ మీద ఆమె పేరు కనపడింది. చల్లపల్లిలో ఇంకోటి. తర్వాత ఒక రైసుమిల్లు ప్రహరీ మీద ఇంత లావు అక్షరాలతో ఇంకోటి. నాలుగు గోడలన్నాడు. బందరు చేరేసరికి తొమ్మిది గోడలు లెక్కపెట్టింది. మోపిదేవిలో దర్శనం చేసుకుని ఎక్కిన ఇద్దరాడవాళ్ళు ముందు సీట్లో కూర్చుని అవే చదువుకుంటున్నారు.

"ఎవరే ఈ అంకమ్మ? ఎక్కడ చూసినా ఈవిడే!"

"ఎవరో టీ బండావిడంట. ఎంత పుచ్చుకుని చెప్పిందో!"

వెయ్యి, అనుకుంది అంకమ్మ. వెయ్యి రూపాయలు పుచ్చుకుని చెప్పింది. ఈ గోడలు చూసి ఎన్ని ఇళ్ళవాళ్ళు దోసిలి పట్టారో. ఎంతమంది తనని తలుచుకుని ఉమ్మేశారో. అప్పటిదాకా ఆమెది పోయిన డబ్బు మీద కోపం. అక్కణ్ణుంచి ఆ కోపానికి పేరు మారింది. బస్టాండులో దిగి ఒక పాల ప్యాకెట్టు కొనుక్కుని ఆటో ఎక్కింది.

అలా వచ్చి పడిందా వీధిలో, అబూబకర్ పెదాలకీ గ్లాసుకీ మధ్య.

"మీ పేరు చూసే మేం ఒప్పుకున్నాం అక్కా" అంది అబూబకర్ భార్య షహనాజ్. ఆమె గొంతులో కోపం ఎవరి మీదో ఆమెకే తెలియడం లేదు. "నలుగురు మేస్త్రుల్ని అడిగాం. ఈయనకైతే మాట సాక్ష్యం ఉందని..."

"ఆ సాక్ష్యమే నడిచొచ్చిందమ్మా. ఇదిగో, సీసాలో నీళ్ళు. ఇతను నాకేసిన బోరువి. ముందు వీటిని చూడండి."

షహనాజ్ వేలి మీద రెండు చుక్కలు ఒంపుకుని నాలుక మీద పెట్టుకుంది. మొహం ముడుచుకుని పక్కకెళ్ళి ఊసింది.

పిచ్చేశ్వరరావు నవ్వాడు. "సముద్రంలో పట్టుకొచ్చి నా బోరంటే సరిపోద్దా? ఇక్కడ నీళ్ళు చూడండి బాబూ. కళ్ళ ముందున్నాయి కదా!"

"చూద్దాం" అంది అంకమ్మ. "నాలుకతో వద్దు. ఈసారి పాలతో చూద్దాం. షహనాజమ్మా, పొయ్యి ఇస్తావా?"

పక్కనే వాళ్ళుంటున్న అద్దె ఇంట్లోంచి పొయ్యి వాకిట్లోకి వచ్చింది. గ్లాసులో నీళ్ళతోనే మొదటి టీ కాసింది. చక్కగా పొంగింది. పిచ్చేశ్వరరావు తొడ చరిచాడు. "చూశారా! విరిగిందా?"

"విరగదు. కాలవ నీళ్ళకి పాలు ఎందుకు విరుగుతాయి? తాగండి, బాగుంటుంది. ఇప్పుడు ఇంజను పెట్టు. రెండు గంటలు ఆపకు."

నవ్వు ఆగింది. "రెండు గంటలా? డీజిలెవడు పోస్తాడు?"

"నేను పోస్తా" అన్నాడు అబూబకర్. "అడ్వాన్సు పోను మిగిలిన డబ్బులు ఇవ్వాల్సింది నేను కదా. పెట్టండి."

"మాకింకో చోట పనుందండీ..."

"గేటు వేశాను మేస్త్రిగారూ. పని అయ్యాకే తీద్దాం."

ఇంజను మొదలైంది. నీళ్ళు కాలవ కట్టి వీధిలోకి పోతున్నాయి. అదే వీధిలో ఇతనికి మాట ఇచ్చిన ఇంకో ఇద్దరు ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. షహనాజ్ అన్నం పెడతానంటే అంకమ్మ వద్దంది. గొట్టాల కట్ట మీద కూర్చుని నీళ్ళనే చూస్తోంది. పిచ్చేశ్వరరావు రెండు ఫోన్లూ మార్చి మార్చి నొక్కుతున్నాడు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. కూలీల్లో పెద్దవాడు మాత్రం తువ్వాలు మొహాన కప్పుకుని గోడకి జారగిలపడ్డాడు. వాడికి తెలుసు ఏం జరగబోతోందో.

ఒంటిగంట దాటాక అంకమ్మ లేచి గొట్టం దగ్గర గిన్నె పట్టింది. మిగిలిన పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. అందరూ వంగి చూస్తున్నారు. పొంగు రాలేదు. గిన్నెలో ముందు చిన్న చిన్న నలకలు, తర్వాత ముద్దలు, తర్వాత ఆకుపచ్చగా నీళ్ళు.

పిచ్చేశ్వరరావే ముందు నోరు తెరిచాడు. "భూమిలో ఏముందో నాకేం తెలుసండీ? దేవుణ్ణా నేను?"

"భూమిలో ఏముందో నీకు తెలీదు, ఒప్పుకుంటా" అంది అంకమ్మ. "ట్యాంకర్లో ఏముందో తెలుసుగా? అరగంటకే ఇంజను ఎందుకు ఆపుతావో తెలుసుగా? నేను కాలవ నీళ్ళలా ఉన్నాయన్నప్పుడు చప్పట్లెందుకు కొట్టావో తెలుసుగా? ఉప్పు పడటం నీ తప్పు కాదయ్యా. ఉప్పు పడిందని చెప్పి గొట్టాలు పీక్కుపోతే ఇంకో పూట అన్నం పెట్టి పంపేదాన్ని."

అబూబకర్ నెమ్మదస్తుడు. చిలకలపూడి పనివాడు, గిల్టు నగలకి పూత పెడతాడు. చేతివేళ్ళకి ఆ పసుపు రంగు ఎప్పటికీ వదలదు. ఆ వేళ్ళతో గిన్నెలో ముద్దను తీసి పిచ్చేశ్వరరావు ముందు పట్టుకున్నాడు.

"మేం రోల్డు గోల్డు చేస్తాం మేస్త్రిగారూ. మూడు తరాలుగా చేస్తున్నాం. చూస్తే కంసాలి కూడా తడబడతాడు. కానీ రోల్డు గోల్డని చెప్పే అమ్ముతాం. రెండొందలకే అమ్ముతాం. ఏ ఒక్కరోజూ బంగారమని చెప్పి బంగారం రేటు తీసుకోలేదు. పూత పెట్టేవాళ్ళం మేం. మోసం చేసేది మీరు."

వీధిలో ఎవరో "అదీ!" అన్నారు. బోరుకి మాట ఇచ్చిన ఇద్దరూ తమ అడ్వాన్సులు అక్కడే అడిగారు.

పిచ్చేశ్వరరావు స్టాండు వైపు చూశాడు, ఇంజను వైపు చూశాడు, వేసిన గేటు వైపు చూశాడు. గొంతు తగ్గింది. "సరే అమ్మగారూ. గొడవెందుకు. గొట్టాల ఖరీదు పదిహేను వేలు తీసేసి మిగతాది ఇస్తా."

'అమ్మగారూ' తిరిగొచ్చింది. దాన్ని చూసి అంకమ్మకి ఒళ్ళు ఇంకా మండింది.

"ఉప్పు పడితే గొట్టాలు పీక్కుపోతానన్నది ఎవరు? వచ్చి పీక్కుపో. అవి నాకెందుకు, ఉయ్యాల కట్టుకోనా?"

"పోనీ కూలి..."

"కూలి నష్టపోతానన్నదీ నువ్వే. మాట నీది, నేను తిరిగి చెబుతున్నానంతే. నలభై రెండు వేలు. వెయ్యి నువ్వు నా పేరుకి తగ్గించింది, అది నాకొద్దు."

మళ్ళీ గొట్టాల కట్ట మీద కూర్చుని, సంచీలోంచి అట్ట తీసి మోకాళ్ళ మీద నిలబెట్టింది. అతను ఫోను పెట్టి నొక్కాడు. నొక్కి, ఆకుపచ్చ టిక్కున్న తెరని ఆమె మొహం ముందు పెట్టాడు. "వెళ్ళిపోయాయి. చూడండి."

అంకమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "నాకు చూపించకు. నువ్వు చూపించినవి చూసే ఇక్కడిదాకా వచ్చా. మా పెట్టె చెప్పాలి."

"పెట్టేంటి?"

"కోడూరులో ఉంది. అది చెబితేనే గొట్టాల మీంచి లేస్తా."

వీధి వీధంతా ఒక ఫోను కోసం ఎదురుచూసింది. నిమిషం. రెండు. పిచ్చేశ్వరరావు చెమట తుడుచుకున్నాడు. అంకమ్మ ఫోను మోగింది. స్పీకరు పెట్టింది.

"అమ్మాయ్! అమ్మాయ్!" రత్తయ్య అరుస్తున్నాడు. "పెట్టె నలభై రెండు వేలు అందాయంటోందే! పెట్టిన కాణ్ణుంచి ఇరవై, ముప్పై అనడమే గానీ ఇంత మాట ఎప్పుడన్నా అందా అది? టీ తాగేవాళ్ళు గ్లాసులు దించేశారు. ఆ పుల్ల పళ్ళాయన కూడా ఇక్కడే ఉన్నాడు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఏం చెప్పమంటావ్?"

"మొన్నటి టీ డబ్బులు ఇవ్వమను బాబాయ్."

వీధంతా గొల్లుమంది. అంకమ్మ నవ్వలేదు. గొట్టాల మీంచి లేచింది, మోకాళ్ళు పట్టేశాయి, షహనాజ్ చెయ్యందించింది. అబూబకర్ తన అడ్వాన్సూ, ఆ ఇద్దరివీ చేతిలో పడ్డాక గేటు తీశాడు. కూలీలు స్టాండు విప్పుతున్నారు. పిచ్చేశ్వరరావు ఎవరి వైపూ చూడకుండా చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అంకమ్మ అతని దగ్గరికి నడిచింది. మళ్ళీ తిడుతుందేమోనని అతను ఒకడుగు వెనక్కేశాడు. తిట్టలేదు. పొద్దుటి నుంచీ అతనితో మాట్లాడేటప్పుడు ఆమె నోట రాని 'అండీ' అప్పుడొచ్చింది.

"పిచ్చేశ్వరరావు గారూ, ఒక్క మాటండీ. గొట్టాలు పీక్కోడానికి కోడూరు వచ్చేటప్పుడు బందరు నుంచి బస్సులో రండి. ఒక బకెట్టు సున్నం, ఒక కుంచె తెచ్చుకోండి. దారిలో తొమ్మిది గోడలున్నాయి, ఒక్కోచోట దిగండి. నా పేరు మీ చేత్తోనే చెరిపి రండి."